మగవారి స్వెటర్ల బాణీలో స్త్రీల అల్లిక దుస్తులు: దేనిని ఎంచుకోవాలి, ఎలా చూసి కొనాలి

స్త్రీల దుస్తుల దుకాణాల్లో "బాయ్‌ఫ్రెండ్ కార్డిగన్", "ఓవర్‌సైజ్ పుల్ఓవర్", "ఫిషర్‌మన్ స్వెటర్" అనే పేర్లతో అమ్ముతున్న వాటి మూలం వెతుక్కుంటూ వెళితే ఇంగ్లండు సైనికాధికారులు, ఐర్లండు జాలరులు, ఫ్రెంచి నావికులు, క్రికెట్ ఆటగాళ్లు ఎదురవుతారు. చలిగాలి లోపలికి చొరబడకూడదని, చేతులు ఆడించడానికి అడ్డం రాకూడదని, ఏళ్ల తరబడి వాడినా చిరగకూడదని వారు ఆ దుస్తులను అలా అల్లించుకున్నారు. ఈనాడు ఆ బాణీలో స్త్రీలకోసం తయారవుతున్న వాటిలో చాలావరకు పాత దుస్తుల వదులుతనాన్ని మాత్రమే తీసుకుని, వాటిని నిలబెట్టిన అల్లిక బిగువును, నూలు మన్నికను, భుజాల దగ్గరి పనితనాన్ని వదిలివేస్తున్నాయి. అందువల్ల ఏది కొనాలని అడిగేవారు మొదట ఆ స్వెటరు ఏ పనికోసం పుట్టిందో, తమ రోజువారీ జీవితంలో ఆ పనికి దగ్గరగా వచ్చేది ఏదైనా ఉందో లేదో చూసుకోవాలని, కొలత సంగతి ఆ తరువాతే తేల్చుకోవాలని నా అభిప్రాయం.

మగవారి దుస్తులను స్త్రీలు ఇలా అరువు తెచ్చుకోవడం వందేళ్లకు పైబడిన అలవాటు. 1913లో ఫ్రాన్సులోని దోవిల్ అనే సముద్రతీర పట్టణంలో దుకాణం తెరిచిన ఫ్యాషన్ రూపకర్త గాబ్రియెల్ షనెల్, అంతవరకు ఎక్కువగా మగవారి లోదుస్తులకే వాడుతూ వచ్చిన జెర్సీ అల్లిక బట్టతో స్త్రీలకు పైదుస్తులు తయారు చేయించింది. 1940లలో అమెరికా కళాశాలల అమ్మాయిలు మగవారి పెద్ద కొలతల స్వెటర్లు తెచ్చుకుని, తుంటి దాటి వేలాడేటట్లు తొడుక్కునేవారు. ఆ తీరుకు "స్లాపీ జో" అని పేరు కూడా పడింది. షనెల్ తీసుకున్నది బట్ట గుణాన్ని, ఈ అమ్మాయిలు తీసుకున్నది కొలతను. నేటి అంగళ్లలో ఈ రెండు రకాల అరువూ పక్కపక్కనే వేలాడుతూ ఉంటుంది, ధర చీటీని చూసి ఏది ఏదో చెప్పడం సాధ్యం కాదు.

ముందు తెరుచుకునేదా, తల మీదుగా తొడిగేదా

చీర కట్టేవారు, పొడవాటి జడ వేసుకునేవారు, చెవులకు బుట్టలు పెట్టుకునేవారు ఆలోచించకుండా ముందువైపు బొత్తాలుండే కార్డిగన్ వైపే మొగ్గవచ్చు. తల మీదుగా తొడిగే పుల్ఓవర్‌ను తీసిన ప్రతిసారీ జడ రేగుతుంది, పమిట జారుతుంది, బుట్టలు మెడ పట్టీలో చిక్కుకుంటాయి. చలికాలపు ఉదయాల్లో మన పల్లెల్లోనూ బస్టాండుల్లోనూ చీర మీద భర్తదో కొడుకుదో స్వెటరు వేసుకుని కనిపించే పెద్దవారిలో ఎక్కువమంది బొత్తాలున్న దానినే తొడుక్కుంటారు. "బాయ్‌ఫ్రెండ్ కార్డిగన్" అనే మాట అంగట్లోకి రాకముందే వారు ఈ విషయాన్ని తేల్చేశారు.

కార్డిగన్‌కు ఆ పేరు ఏడవ కార్డిగన్ ప్రభువైన జేమ్స్ బ్రూడెనెల్ వల్ల వచ్చింది. క్రిమియా యుద్ధంలో, 1854 అక్టోబరు 25న బాలక్లావా దగ్గర బ్రిటిష్ అశ్వికదళాన్ని ఫిరంగులకు ఎదురుగా నడిపించిన సేనాని ఆయనే. ఆయన పేరుతో ప్రచారంలోకి వచ్చిన అల్లిక వెయిస్ట్‌కోటును యూనిఫాం కింద వెచ్చదనానికి తొడుక్కునేవారు. పైన మరొక దుస్తు ఉంటుంది కనుక మంచి కార్డిగన్ ఇప్పటికీ సన్నగా, ఒంటికి దగ్గరగా, కాలరు కనబడేటట్లు వీ ఆకారపు మెడతో ఉంటుంది. మొద్దు నూలుతో, మోకాళ్ల వరకు దిగే "లాంగ్ కార్డిగన్" చలికోటుగా పనికి రావచ్చు గాని, అది వేరే జాతి వస్తువు. దాని బరువుకు భుజాలు సాగి, నాలుగు నెలలకే చేతులు వేళ్ల మీదికి దిగుతాయి.

కార్డిగన్ కొనేటప్పుడు అన్నింటికంటే ముందు చూడవలసింది బొత్తాల పట్టీ. అల్లిక బట్ట సాగుతుంది, కాజా సాగితే బొత్తం నిలవదు. అందుకే మగవారి పాత తరహా కార్డిగన్లలో పట్టీ లోపలివైపు సాగని రిబ్బను కుట్టడమో, పట్టీని రెండు పొరలుగా అల్లడమో చేస్తారు. స్త్రీల విభాగంలో వచ్చే వాటిలో ఈ పని తరచుగా కనబడదు. ఛాతీ దగ్గర రెండు బొత్తాల నడుమ కన్ను తెరుచుకున్నట్లు సందు ఏర్పడటానికి సగం కారణం ఇదే. మిగతా సగం బొత్తాల ఎడం. తొడుక్కుని, అన్ని బొత్తాలూ పెట్టి, రెండు చేతులూ ముందుకు చాచి చూస్తే సందు పడుతుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది.

మగవారి కార్డిగన్‌లో బొత్తాలు కుడివైపు, కాజాలు ఎడమవైపు ఉంటాయి. స్త్రీల దానిలో ఇది తారుమారవుతుంది. రెండు రోజుల్లో చేయి అలవాటు పడుతుంది కనుక ఈ ఒక్క కారణంతో మంచి కార్డిగన్‌ను వదులుకోనక్కరలేదు. జేబుల విషయంలో మాత్రం నేను కొంచెం కఠినంగానే ఉంటాను: సన్నని అల్లికకు కుట్టిన జేబులో ఫోను వేసిన రోజునుంచే ఆ వైపు అంచు కిందికి జారడం మొదలవుతుంది.

సముద్రం మీది నుంచి వచ్చినవి

జాలరుల స్వెటరు అనే ఒక్క పేరు కింద అంగళ్లలో రెండు వేరువేరు వస్తువులను అమ్ముతున్నారు. ఒకటి ఇంగ్లీషు చానెల్‌లోని గెర్న్‌సీ దీవి పేరు మోస్తున్నది, మరొకటి ఐర్లండు పశ్చిమ తీరంలోని ఆరన్ దీవులది. వీటి నడుమ తేడా తెలియకుండా కొనడం వల్లే చాలామందికి నిరాశ కలుగుతుంది.

గెర్న్‌సీ స్వెటరును గట్టిగా పురి పెట్టిన ఉన్ని నూలుతో, కన్నుకు కన్నును, అంటే దారపు ఉచ్చుకు ఉచ్చును, దగ్గరగా బిగించి అల్లుతారు. గాలి దూరదు, నీటి తుంపర వెంటనే లోపలికి దిగదు. ముందు వెనుకలు ఒకే తీరున ఉంటాయి కాబట్టి ఏ వైపైనా ముందుకు వేసుకోవచ్చు. మోచేతుల దగ్గర అరుగుదల ఒకేచోట పడకుండా ఉండటానికి జాలరులకు ఇది అక్కరకు వచ్చింది. చేతిని భుజం దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లడం వల్ల, ముంజేతి పట్టీ చిరిగినప్పుడు ఆ కొంత విప్పి మళ్లీ అల్లుకోగలిగేవారు. చంక కింద నలుపలకల ముక్క ఒకటి చేర్చడం వల్ల చేయి పైకెత్తినా స్వెటరు అంచు పైకి లేవదు. పక్కలకు కింద చిన్న చీలికలు ఉంటాయి.

స్త్రీలకు ఈ చివరి రెండు లక్షణాలు మిగతా అన్నింటికంటే విలువైనవి. మగవారి మామూలు స్వెటర్లలో అడుగున నిలువు గీతల్లా అల్లిన బిగుతైన రిబ్ పట్టీ ఉంటుంది; తుంటి వెడల్పుగా ఉన్న శరీరం మీద అది పైకి ఎగబాకి, నడుము చుట్టూ బట్ట ఉబ్బినట్లు చేరుతుంది. చీలికలున్న గెర్న్‌సీ ఆ ఇబ్బంది పెట్టదు. అందువల్లనే, మగవారి నమూనాను ఏ మార్పూ లేకుండా తెచ్చుకుని తొడుక్కోదలచిన స్త్రీకి మొదటగా నేను సూచించేది ఇదే. లోపం చెప్పాలంటే, కొత్తలో అది బిరుసుగా ఉంటుంది, కొందరికి మెడ దగ్గర గుచ్చుకుంటుంది. లోపల కాలరు చొక్కా వేసుకుంటే ఆ బాధ తప్పుతుంది. హైదరాబాదులో మాత్రం దీనిని వాడే రోజులు తక్కువ.

ఆరన్ స్వెటరు రూపం దీనికి పూర్తిగా భిన్నమైనది. రంగు వేయని, మీగడ తెలుపు ఉన్నితో జడలు, తేనెపట్టు గళ్లు, వజ్రాకారాలు ఉబ్బెత్తుగా అల్లుతారు. జడ అల్లికలో కన్నులు ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి కనుక బట్ట మందం పెరుగుతుంది, నూలు చాలా ఎక్కువ పడుతుంది. పెద్దల కొలతలో మంచి ఆరన్ స్వెటరు ఒక కిలోకు కొంచెం అటూ ఇటూగా తూగడం మామూలే. ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉండేదని, మునిగిపోయిన జాలరిని దానినిబట్టే గుర్తుపట్టేవారని అమ్మకందారులు చెప్పే కథకు చారిత్రక ఆధారం లేదు. ఆ కథకోసం అదనంగా చెల్లించవద్దు. చేతి అల్లికకు అదనంగా చెల్లించడం మాత్రం న్యాయమే, ఎందుకంటే దానికి వారాల పని పడుతుంది.

స్త్రీల ఆరన్లలో రెండు రకాల మార్పులు జరుగుతున్నాయి. నడుము దగ్గర సన్నగా, పొడవు తగ్గించి చేసినది ఒకటి. అసలు కొలతనే ఉంచి నూలును తేలిక చేసినది మరొకటి. మొదటి రకం జోలికి వెళ్లవద్దని చెబుతాను. ఉబ్బెత్తు అల్లికను నడుము దగ్గర నొక్కితే గళ్ల వరుస వంకరపోతుంది, మనిషి ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. రెండవ రకం, మెరీనో జాతి గొర్రెల సన్నని ఉన్నితో చేసినది, డబ్లిన్‌లోనో ఎడిన్‌బరోలోనో ఉంటున్న తెలుగు అమ్మాయిలకు కోటు లేకుండా బయటికి వెళ్లగలిగే శరదృతువు రోజుల్లో చక్కగా పనికివస్తుంది. లోపల హీటరు పనిచేసే ఆఫీసులో మాత్రం అరగంటకే విప్పవలసి వస్తుంది. అప్పుడు మళ్లీ జడ, బుట్టల సమస్య. ఆరన్ అల్లికలోనే కార్డిగన్ దొరుకుతుంది, అలాంటివారికి అదే మేలు.

ఫ్రెంచి నావికుల చారల అల్లిక చొక్కాది వేరే కథ. 1858 మార్చి 27 నాటి ఉత్తర్వు దానిని నౌకాదళ యూనిఫాంలో చేర్చింది. ఛాతీ భాగంలో 21 తెల్ల చారలు ఉండాలని, తెల్ల చార నీలి చారకు రెట్టింపు వెడల్పు ఉండాలని ఆ ఉత్తర్వు నిర్దేశించింది. నార్మండీలోని సెయింట్ జేమ్స్ సంస్థ 1889 నుంచి ఉంది, ఈ చారల చొక్కాలకు దానికి పేరు. తెలుగు నేల మీద ఏడాది పొడవునా తొడుక్కోదగిన మగవారి నమూనా ఈ వ్యాసంలో ఇదొక్కటే, ఎందుకంటే ఇది ఈనాడు ఎక్కువగా పత్తి నూలు జెర్సీతో తయారవుతోంది, తిరుప్పూరు వంటి చోట్ల అలాంటి బట్ట విరివిగా తయారవుతుంది. పడవ ఆకారపు వెడల్పు మెడ, ముంజేతికి కొంచెం పైన ఆగే చేతులు, నిటారు పక్కలు ఉన్నదే అసలు రూపం. కొనేటప్పుడు పక్క కుట్టు దగ్గర ముందు చారలు, వెనుక చారలు కలుస్తున్నాయో లేదో చూడండి. అక్కడ శ్రద్ధ పెట్టిన తయారీదారు మిగతా చోట్ల కూడా పెట్టి ఉంటాడు.

జలాంతర్గామి నావికులు వేసుకున్న మందపాటి చుట్టు మెడ స్వెటరు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మంచు కురిసే ఊళ్లలో దానికి సాటి లేదు, మిగతా చోట్ల ఊపిరాడదు.

ఆటస్థలం నుంచి వచ్చినవి

క్రికెట్ స్వెటరు మనకు పరిచయమైనదే: మీగడ రంగు, నిలువు జడలు, వీ మెడ చుట్టూ జట్టు రంగుల పట్టీలు. చేతులు లేని రకం స్త్రీల విభాగంలో ఇప్పుడు బాగా దొరుకుతోంది, పొడుగు చేతుల చొక్కా మీదా, కాటన్ కుర్తా మీదా అది పొందికగా కూర్చుంటుంది. చేతులు లేనందున చంక భాగం కొలతే దీనిలో ప్రాణం. మగవారి దానిలో చంక లోతుగా ఉండి పక్కనుంచి లోపలి బట్ట కనబడుతుంది. కనుక ఈ ఒక్క వస్తువును మాత్రం స్త్రీల విభాగంలోనే కొనమంటాను.

స్కాట్లండుకు ఉత్తరాన, ఆర్క్నీ, షెట్లండ్ దీవుల నడుమ ఉన్న ఫేర్ ఐల్ పేరుతో వచ్చిన రంగుల స్వెటరుకు 1920లలో అప్పటి వేల్స్ యువరాజు, తరువాతి ఎనిమిదవ ఎడ్వర్డ్, గోల్ఫ్ ఆడుతూ తొడుక్కోవడంతో ప్రాచుర్యం వచ్చింది. దీనిలో ఒక్కో వరుసకు రెండు రంగులే వాడతారు. వాడని రంగు దారం వెనుకవైపు తేలుతూ పోతుంది, అందువల్ల బట్ట రెండు పొరలై వెచ్చగా ఉంటుంది. ఆ తేలే దారాలే గాజులు వేసుకునేవారికి చిక్కు తెచ్చిపెడతాయి. చేయి దూర్చినప్పుడల్లా ఉంగరం రాయి, గాజు అంచు, వాచీ గొలుసు వాటికి తగులుకుని లాగుతాయి, ముందువైపు రంగు ముడత పడుతుంది. కొనేముందు స్వెటరును తిరగవేసి చూడాలి: దారాలు అంగుళం కంటే పొడుగ్గా వేలాడుతుంటే దానిని అక్కడే పెట్టివేయవచ్చు. చేతులు లేని ఫేర్ ఐల్ తీసుకుంటే ఈ చిక్కు చాలావరకు ఉండదు.

మగవారి విభాగంలోనే కొనాలా

మగవారి స్వెటర్లను సాధారణంగా ఛాతీ చుట్టుకొలతను బట్టి, అంగుళాల్లో, అమ్ముతారు. స్త్రీలవి సంస్థకో తీరుగా ఉండే అంకెలతోనో అక్షరాలతోనో అమ్ముతారు. ఈ ఒక్క కారణం వల్లే మగవారి కొలత నమ్మదగినది. 36 అంగుళాల ఛాతీ ఉన్న స్త్రీ 38 లేదా 40 అంగుళాల మగవారి స్వెటరుతో, లోపల చొక్కా పట్టేటంత వదులు పొందవచ్చు. అంతకంటే పెద్దది తీసుకుంటే ఛాతీ దగ్గర కాదు, భుజం దగ్గర తేడా కొడుతుంది. భుజపు కుట్టు ఎముక అంచును దాటి ఒకటిన్నర అంగుళం వరకు దిగితే అది సహజంగా కనబడుతుంది. మూడు అంగుళాలు దిగితే చంకలో బట్ట ముద్దలా చేరి, పైన జాకెట్టు గాని కోటు గాని పట్టదు. ఈ బెడద లేకుండా ఉండాలంటే భుజం మీదుగా మెడవరకు చేతి బట్టే పట్టీలా సాగిన రకాన్ని వెతకాలి. షెట్లండ్ స్వెటర్లు అనేకం ఇలాగే ఉంటాయి. భుజం ఎక్కడ ముగుస్తుందో చెప్పే కుట్టు దానిలో ఉండదు కాబట్టి ఇరుకు భుజాలకూ వెడల్పు భుజాలకూ అది సర్దుకుంటుంది.

మరొక పరీక్ష చంక చుట్టూ చూసేది. చంక నుంచి మెడ వైపు బట్టలోనే కన్నులు తగ్గించుకుంటూ ఆకారం తెచ్చిన స్వెటరుకు, కుట్టుకు సమాంతరంగా చిన్న చుక్కల వరుసలా కన్నుల గుర్తులు కనిపిస్తాయి. పెద్ద తానుగా అల్లిన బట్టను కత్తిరించి, ఓవర్‌లాక్ కుట్టు వేసినదానికి ఆ గుర్తులు ఉండవు, లోపల దళసరి కుట్టు అంచు ఉంటుంది. మొదటిది ఖరీదైనది, కాని కుట్టు విడిపోదు, చర్మానికి ఒరుసుకోదు. ఒకే ధరకు స్త్రీల విభాగంలో కత్తిరించి కుట్టినదీ, మగవారి విభాగంలో ఆకారం అల్లినదీ దొరికితే నేను రెండవదాని వైపే వెళతాను, చేతులు ఒక మడత వేసుకోవలసి వచ్చినా సరే.

నూలు, మందం, వాతావరణం

యంత్రపు అల్లిక మందాన్ని గేజ్‌తో చెబుతారు, అంటే యంత్రంలో అంగుళానికి ఎన్ని సూదులున్నాయన్న లెక్క. అంకె పెరిగే కొద్దీ బట్ట సన్నబడుతుంది. 3, 5 గేజ్‌లు మొద్దు స్వెటర్లవి, 7 మధ్యరకం, 12 కార్డిగన్లకు సరిపోయేది. 1784 నాటి డెర్బీషైర్ మిల్లులో నేటికీ పనిచేస్తున్న జాన్ స్మెడ్లీ సంస్థ 30 గేజ్ వరకు అల్లుతుంది. ఆ బట్ట చొక్కా అంత పలుచగా ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రులు 13, 14 డిగ్రీల దగ్గర ఆగే హైదరాబాదుకు 12 గేజ్ కార్డిగన్ చాలు. ఆదిలాబాదుకూ, ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగే లంబసింగికీ 7 గేజ్ పుల్ఓవర్ అవసరమవుతుంది. విజయవాడ, రాజమండ్రి వారు ఉన్ని జోలికి పోకుండా పత్తి నూలు అల్లికతో సరిపెట్టుకోవచ్చు, ఏసీ ఆఫీసులో కూర్చునేవారికి తప్ప. న్యూజెర్సీ, షికాగోల్లో ఒక్క మొద్దు స్వెటరు కంటే సన్నవి రెండు పొరలుగా వేసుకోవడమే సుఖం.

గుచ్చుకోవడం, గుచ్చుకోకపోవడం ఉన్ని పోగు మందం మీద ఆధారపడి ఉంటుంది. 30 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైబడిన పోగులు చర్మాన్ని పొడుస్తాయి. మంచి మెరీనో 19 మైక్రాన్ల ప్రాంతంలో, మేకల నుంచి వచ్చే కశ్మీరీ ఉన్ని అంతకంటే సన్నగా ఉంటాయి. షెట్లండ్ ఉన్ని వాటికంటే మోటుది. మెత్తదనంలో ఎప్పుడూ కశ్మీరీయే గెలుస్తుంది, మన్నికలో ఓడుతుంది. పొట్టి పోగుల నూలు కనుక సంచీ పట్టీ ఒరుసుకునే చోట, మోచేతుల దగ్గర ఉండలు కడుతుంది. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లే కార్డిగన్‌కు మెరీనో, సెలవు రోజుల గుండ్రటి మెడ పుల్ఓవర్‌కు షెట్లండ్ లేదా లాంబ్స్‌వుల్ (గొర్రెపిల్ల ఉన్ని) అన్నది నా వరకు స్థిరపడిన ఎంపిక. లుధియానా నుంచి మన అంగళ్లకు వచ్చే స్వెటర్లలో ఆక్రిలిక్ అనే కృత్రిమ పోగు కలిసినవి ఎక్కువ, చీటీ మీద శాతం రాసి ఉంటుంది. ఆక్రిలిక్‌ను పూర్తిగా తీసిపారేయలేం. ఇంట్లోనే ఉతుక్కోవచ్చు, ధర తక్కువ, పిల్లలతో ఉండే ఇంట్లో నిశ్చింత. అయితే చెమటను పీల్చుకోదు, దానితో చేసిన ఆరన్ స్వెటరు రెండవ చలికాలానికే ఆకారం కోల్పోతుంది. సగానికి పైగా ఉన్ని లేనిదానికి ఉన్ని ధర ఇవ్వకండి.

ఉతకడంలో ఉన్నికి హాని చేసేవి వేడి నీళ్లు, రుద్దడం, క్షారం. మామూలు సబ్బు పొడుల్లో క్షారంతోపాటు మాంసకృత్తులను కరిగించే ఎంజైములు కూడా ఉంటాయి, ఉన్ని కూడా మాంసకృత్తే. కుంకుడు రసం పట్టుచీరలకు పనికివచ్చినట్లే ముదురు రంగుల స్వెటర్లకు పనికివస్తుంది. మీగడ రంగు ఆరన్, క్రికెట్ స్వెటర్లకు అది మరక పెట్టవచ్చు కాబట్టి ఉన్నికోసం అమ్మే ద్రవాన్నే చల్లని నీటిలో కలిపి వాడాలి. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, కొలతకు సర్ది, నీడలో పరచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు పొడవు సాగిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో చలికాలం అయిపోగానే ఒకసారి ఉతికి, బాగా ఆరనిచ్చి, మడతపెట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి; పురుగు ముందుగా తినేది చెమట, తిండి మరకలు ఉన్న చోటే.

మొదటిసారి ఒక్కటే కొనేవారు ముదురు నీలం లేదా బూడిద రంగు మెరీనో కార్డిగన్‌ను, 12 గేజ్‌లో, భుజం సరిగ్గా కూర్చునే కొలతలో తీసుకోవచ్చు. విదేశంలో ఉంటూ రెండవది కొనేవారికి చీలికలున్న గెర్న్‌సీ. దాని చేతులు మొదట కొంచెం పొడుగ్గా ఉన్నా ఫరవాలేదు, ముంజేతి దగ్గర మడిచి తొడుక్కోవడానికి వీలుంటుంది.